చీపురుకట్ట మైకు

మావాడు పోయిన శనివారం ఎవరి గరాజ్ సేల్‌లోనో పాత గిటార్ ఆంప్లిఫయర్ ఒకటి కొనుక్కొచ్చాడు. గాజు వాల్వుల కాలం నాటిది. "నాన్నా, ఇది వేడెక్కేదాకా ఆగాలి" అని నాకే పాఠం చెప్పి స్విచ్ వేశాడు. వెనక జాలీలోంచి నారింజ రంగు వెలుగు మెల్లగా లేచింది. ఓ నిమిషం తర్వాత వాసన వచ్చింది. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము ఆ వేడికి మాడే వాసన. దాంట్లో కాస్త పాత చెక్క, కాస్త వార్నిష్.

కాఫీ కప్పు పట్టుకుని మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. ఈ వాసన నాకు రెండు చోట్ల పరిచయం. ఒకటి, తెనాలి దగ్గర మా ఊళ్లో శ్రీరామనవమి పందిరి వెనక, మైకు సెట్టు బల్ల దగ్గర. రెండోది న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక చిన్న హాల్లో, చార్లెస్ బ్రాడ్లీ అనే సోల్ గాయకుడు పాడిన రాత్రి. రెంటికీ మధ్య పాతికేళ్ల పైచిలుకు.

సెప్టెంబరు కూడా వచ్చేసింది. బ్రాడ్లీ పోయింది 2017లో, సెప్టెంబరు 23న. ఆ రోజు దగ్గర పడుతుంటే ఏటా ఏదో రాద్దామనుకోవడం, ఆఫీసు గొడవల్లో పడి వదిలేయడం అలవాటైపోయింది. ఈసారి ఆ వాసన వదల్లేదు.

* * *

మా మిల్లు మావయ్య గురించి ముందు చెప్పాలి. ఆయన లేకపోతే బ్రాడ్లీ నాకు అర్థమయ్యేవాడు కాదు.

అమ్మకి వరసకి అన్నయ్య. రైసు మిల్లులో గుమాస్తా. పగలంతా కాటా దగ్గర కూర్చుని బస్తాల లెక్క రాసేవాడు. కనుబొమల మీద ఎప్పుడూ సన్నటి తవుడు పొడి ఉండేది. సాయంత్రం మిల్లు కూత పడ్డాక నూతి దగ్గర నాలుగు చేదలు పోసుకుని, తెల్లటి లాల్చీ వేసి, జుట్టు వెనక్కి దువ్వితే మాత్రం ఆయన మా ఊరి ఘంటసాల.

ఆ రోజుల్లో ప్రతి ఊరికీ ఒక ఘంటసాల ఉండేవాడు. కొన్ని ఊళ్లకి ఇద్దరు. అసలాయన 1974లోనే పోయాడు. నేను పుట్టక ముందు మాట. కానీ నవమి పందిళ్లలో, పెళ్లిళ్లలో, గణపతి ఉత్సవాల్లో ఆ గొంతు పోనేలేదు. గుమాస్తాలు, బడిపంతుళ్లు, కిళ్లీకొట్టు వాళ్లు తలా కాస్త పంచుకుని నిలబెట్టారు.

నవమికి తొమ్మిది రాత్రులూ పందిట్లో ఏదో ఒకటి ఉండేది. ఒక రాత్రి హరికథ, ఒక రాత్రి బుర్రకథ, ఆఖరి రాత్రి ఆర్కెస్ట్రా. మధ్యాహ్నం నుంచే మైకు సెట్టు కుర్రాడు కొబ్బరిచెట్టెక్కి గొట్టాలు కట్టేవాడు. మా ఊళ్లో ఉన్నది అప్పటికే పాతబడిన వాల్వుల ఆంప్లిఫయర్. దాని పైన రేకు మీద చెయ్యి పెడితే కాలేది. "హలో... మైక్ టెస్టింగ్... హలో" అని వాడు ఊదుతుంటే పక్క పొలాల్లో కొంగలు లేచేవి. పానకంలో మిరియాల ఘాటు, తడి పందిరాకుల వాసన, ఆ వేడెక్కిన పెట్టె వాసన. ఆ మూడూ కలిస్తే నాకు నవమి.

నా ఉద్యోగం మావయ్యకి వేడినీళ్ల చెంబు పట్టుకుని స్టేజి పక్కన నిలబడటం. అక్కణ్ణుంచి జనాన్ని చూడొచ్చు. ముందు చాపల మీద పిల్లలు, వెనక మంచాల మీద ముసలాళ్లు, ఆ వెనక సైకిళ్లకి ఆనుకుని కుర్రాళ్లు. చీటీలొచ్చేవి. ఫలానా పాట పాడండి అని రాసి, ఐదు రూపాయల నోటు మడిచి పెట్టేవాళ్లు. మావయ్య కళ్లు మూసుకుని రాగం ఎత్తుకోగానే మంచాల మీద వాళ్లు తలగడ సర్దుకుని వెనక్కి వాలేవాళ్లు. పాట అయ్యాక ఒకటే మెచ్చుకోలు. "అచ్చం ఘంటసాలేనర్రా! కళ్లు మూసుకుంటే ఆయనే!"

మావయ్య ఆ మాటకి చేతులు జోడించేవాడు. ప్రతిసారీ.

ఒక ఏడాది ఆఖరి రాత్రి, రెండు దాటాక, జనం పల్చబడ్డారు. తబలా అతను వేళ్లకి పౌడరు రాసుకుంటున్నాడు. మావయ్య హార్మొనీ అతనితో ఏదో గుసగుసగా చెప్పి, మైకులో చిన్నగా, "ఇది నేను కట్టుకున్న బాణీ. మాటలు కూడా నావే. తప్పులుంటే క్షమించాలి" అన్నాడు. మిల్లులో ధాన్యం పడే పాట అది. పొట్టు ఎటు పోతుంది, గింజ ఎటు పోతుంది అని ఏదో తత్వంలా ఉండేది. గొంతు కూడా వేరుగా ఉంది. గరగరగా, కింద నుంచి, మా ఇంటి వసారాలో మాట్లాడినట్టే.

రెండో చరణంలోకి వచ్చాడో లేదో సైకిళ్ల దగ్గర నుంచి ఒక కేక. "ఘంటసాల పాడవయ్యా బాబూ!" నవ్వులు. మావయ్య కూడా నవ్వాడు. నోట్‌బుక్ పేజీ తిప్పాడు. ఘంటసాల పాడాడు.

నేనేమనుకున్నానో చెప్పాలి కదా. హమ్మయ్య అనుకున్నాను. నాకిష్టమైన పాట ఇంకా పాడలేదని అప్పటికే విసుగ్గా ఉంది.

* * *

ఘంటసాల పాడిన భగవద్గీత మా వైపు చావు ఇళ్లకి ఎలా చేరిందో మీకు తెలుసు. క్యాసెట్లు రాకముందు కొన్నాళ్లు ఆ పని కూడా మావయ్యదే. ఎవరైనా పెద్దవాళ్లు పోతే రిక్షా పంపేవాళ్లు. వరండాలో ఒక మూల కూర్చుని శ్లోకం, తాత్పర్యం అదే ఒడుపులో పాడి వచ్చేవాడు. డబ్బులు తీసుకునేవాడు కాదు, రిక్షా వాడికి వాళ్లే ఇచ్చేవాళ్లు.

తర్వాత టేప్ రికార్డర్లు వచ్చాయి. రిక్షా రావడం మానేసింది. అత్తయ్య ఒకసారి బాధగా అంటే, మావయ్య పళ్లు కుట్టుకుంటూ, "అసలు ఘంటసాల క్యాసెట్టులో పాతిక రూపాయలకి దొరుకుతుంటే నకలు ఘంటసాలకి రిక్షా ఎందుకే?" అన్నాడు. ఆ మాటకి మేమంతా పగలబడి నవ్వాం. చాలా ఏళ్లపాటు పెళ్లిళ్లలో జోకుగా కూడా చెప్పుకున్నాం.

* * *

ఇక బ్రూక్లిన్.

అప్పుడు నేను జెర్సీ సిటీలో ఒక కంపెనీకి ప్రొడక్షన్ సపోర్ట్ చేసేవాణ్ణి. రాత్రి షిఫ్టులు. రాత్రంతా స్క్రీన్ మీద ఎర్ర గీత వస్తుందేమోనని టెన్షన్, రాకపోతే నిద్ర. మా షిఫ్టులో ఆపరేషన్స్ చూసే ఒక నల్లజాతి పెద్దావిడ ఉండేది. బ్రూక్లిన్‌లోని బెడ్‌ఫర్డ్ స్టయివెసంట్ నుంచి వచ్చేది. రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉంది. కంప్యూటర్ టేపులు మారుస్తూ కూనిరాగం తీసేది. ఆదివారం చర్చిలో పాడేదట. మూడింటికి నాకు నిద్ర ముంచుకొస్తుంటే కావాలనే గొంతు పెంచేది.

సోల్ సంగీతం అంటే ఏమిటని నేను అడిగింది ఆవిడనే. చర్చిలో దేవుణ్ణి పిలిచే పిలుపుతో మనిషిని పిలిస్తే సోల్ అని చెప్పింది. నేను మన భజన గోష్ఠి గుర్తు చేసుకున్నాను. తెల్లవారుజామున గొంతులు బొంగురుపోయాక కూడా ఆపకుండా పాడతారే, ఆ స్థితి. దాన్ని ఒక ప్రేమపాటలో పెట్టి, వెనక ట్రంపెట్లూ శాక్సోఫోన్లూ నిలబెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఒక రాత్రి రెండు టికెట్లు తెచ్చింది. వాళ్లాయన రానన్నాడట. "మా పేటలో జేమ్స్ బ్రౌన్ వేషం కట్టే ఒకతను ఉండేవాడు. విగ్గు, కేప్, అన్నీ. బ్లాక్ వెల్వెట్ అనేవాళ్లం. ఇప్పుడు అరవై రెండేళ్లకి అసలు పేరుతో, సొంత పాటలతో రికార్డు తెచ్చాడు. కుర్రాళ్ల బ్యాండు వెనక వాయిస్తోంది" అంది.

జేమ్స్ బ్రౌన్ అంటే సోల్ పాటల్లో వాళ్ల ఘంటసాల లాంటివాడు. వేషం కట్టేవాడు అనగానే నాకు తవుడు పొడి కనిపించింది. మర్నాడు నిద్ర మానుకుని వెళ్లాను.

* * *

దారిలో రైల్లో ఆవిడ చెప్పింది కొంత. తర్వాత నేను చదివి, డాక్యుమెంటరీ చూసి తెలుసుకున్నది ఇంకొంత. ఇప్పుడు రెండూ కలిసిపోయాయి, విడదీయలేను.

చార్లెస్ బ్రాడ్లీ 1948లో ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో పుట్టాడు. చిన్నప్పుడు అమ్మమ్మ పెంచింది. ఎనిమిదేళ్లప్పుడు తల్లి బ్రూక్లిన్ తీసుకొచ్చింది. 1962లో, పద్నాలుగేళ్లు వచ్చీ రాని వయసులో, అక్క అతన్ని హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌కి తీసుకెళ్లింది. స్టేజి మీద జేమ్స్ బ్రౌన్. ఇంటికొచ్చి చీపురుకట్టకి తాడు కట్టి, దాన్ని మైకు స్టాండులా విసిరి, తాడు పట్టి వెనక్కి లాగడం సాధన చేశాడట. నాకు ఈ ఒక్క ముక్క చాలు. మిగతా జీవితం అంతా దాంట్లోనే ఉందనిపిస్తుంది.

ఆ పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలేశాడు. రాత్రులు సబ్‌వే రైళ్లలో పడుకున్నాడు. (ఘంటసాల కూడా సంగీతం నేర్చుకోవడానికి విజయనగరం పోయి వీధుల్లో మధూకరం ఎత్తుకున్నాడు కదా. మావయ్య ఆ సంగతి చెప్పేటప్పుడు భుజం మీద జోలె ఉన్నట్టు చెయ్యి పెట్టి చూపించేవాడు.) ప్రభుత్వం వాళ్ల జాబ్ కోర్ శిక్షణలో చేరి, మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో వంట నేర్చుకున్నాడు. అక్కడ తోటివాడొకడు నువ్వు జేమ్స్ బ్రౌన్‌లా ఉన్నావు, పాడగలవా అని అడిగాడు. కుర్రాళ్లతో బ్యాండు కట్టి ఐదారు కచేరీలు చేశాడు. అంతలో బ్యాండులో కుర్రాళ్లకి వియత్నాం యుద్ధానికి పిలుపొచ్చింది. బ్యాండు పోయింది.

అక్కణ్ణుంచి వంటే. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక మానసిక వైద్యశాలలో ఏళ్లపాటు వంటవాడు. తర్వాత దొరికిన బండి ఎక్కుతూ దేశం అడ్డంగా దాటి, అలాస్కా దాకా పోయి, కాలిఫోర్నియాలో ఇరవై ఏళ్లు ఉన్నాడు. పగలు దొరికిన పని, అప్పుడప్పుడు రాత్రి పాట. 1996లో తల్లి రమ్మంటే బ్రూక్లిన్ తిరిగొచ్చాడు. విగ్గు పెట్టాడు. బ్లాక్ వెల్వెట్ అయ్యాడు.

తిరిగొచ్చాక కూడా కష్టాలు ఆగలేదు. పెన్సిలిన్ పడక ఆస్పత్రిలో చావు దాకా వెళ్లొచ్చాడు. సోదరుడు జోసెఫ్‌ని కాల్చి చంపారు. చేసింది బయటివాళ్లు కూడా కాదు, సొంత మేనల్లుడు.

ఆ బ్లాక్ వెల్వెట్ ఆట చూసినవాళ్లలో గేబ్రియల్ రాత్ ఒకడు. డాప్టోన్ అనే చిన్న రికార్డు కంపెనీ పెట్టినవాళ్లలో అతనొకడు. 2002లో ఒక సింగిల్, అంటే చిన్న రికార్డు, చేయించి, తర్వాత టామ్ బ్రెనెక్ అనే కుర్ర గిటారిస్టుకి పరిచయం చేశాడు. అసలు సంగతి ఇక్కడ జరిగింది. మొదట్లో వాళ్లు కూడా అతనితో జేమ్స్ బ్రౌన్ తరహావే చేయించారు. కొన్నాళ్లకి బ్రెనెక్ బ్రూక్లిన్‌లో బుష్‌విక్‌కి మకాం మార్చాడు. అక్కడ మెనహన్ స్ట్రీట్‌లో ఉన్న అతని ఇంట్లోనే కుర్రాళ్లు బ్యాండు కట్టి, వీధి పేరే దానికి పెట్టుకున్నారు. అక్కడికి వచ్చిన బ్రాడ్లీ ఒకరోజు సోదరుడి చావు గురించి చెప్పుకొచ్చాడు. బ్రెనెక్ ఆ చెప్పిందే పాట చేద్దాం అన్నాడు. వాళ్లు వాయిస్తూ పోయారు, ఈయన తన కథ తను పాడుకుంటూ పోయాడు. అలా తయారైన పాటలతో 2011 జనవరిలో మొదటి ఆల్బమ్ వచ్చింది. పేరు నో టైమ్ ఫర్ డ్రీమింగ్. కలలు కనే తీరిక లేదని.

యాభై దాటిన వంటమనిషికి, పక్కన కూర్చుని నీ సంగతేమిటి అని అడిగినవాడు దొరికాడు.

* * *

హాలు మా తెనాలి సినిమా హాల్లో సగం కూడా లేదు. కుర్చీల్లేవు. నా చుట్టూ గడ్డాల కుర్రాళ్లు, టాటూల అమ్మాయిలు, మధ్యమధ్య మా ఆవిడ వయసు... అంటే మా ఆపరేషన్స్ ఆవిడ వయసు వాళ్లు. స్టేజి మీద పాత ఆంప్లిఫయర్లు, ఎర్రటి చిన్న దీపాలు. ముందు వరసలోకి నెట్టుకుంటూ పోతే తగిలింది, అదే వాసన. వేడికి మాడే దుమ్ము. క్షణంసేపు నా చేతిలో చెంబు ఉందేమో చూసుకున్నాను.

ముందు బ్యాండు ఒక్కటే వాయించింది. డ్రమ్స్, బేస్, రెండు గిటార్లు, ఆర్గన్, ట్రంపెట్, శాక్సోఫోన్. అందరూ సూట్లు. ఎవరికీ ముప్ఫై ఐదు దాటినట్టు లేదు. ఎక్కువ వాయించకుండా ఆగి ఆగి వాయిస్తున్నారు. మన హరికథలో మృదంగం అతను దాసుగారి మాటకి జాగా వదిలినట్టు. తర్వాత ఒకతను మైకులో పెద్ద బిరుదావళి చదివాడు. సోల్ సంగీతపు అరిచే గద్ద, చార్లెస్ బ్రాడ్లీ అని. నాకు నవ్వొచ్చింది. మా పందిట్లో కూడా "ఆంధ్ర గాన కోకిల" తగ్గకుండా చదివేవాళ్లు.

ఆయన వచ్చాడు. మెరుపుల కోటు, పెద్ద బెల్టు. మొహం మాత్రం కోటుకి సంబంధం లేని మొహం. ముడతలు, అలసట, ఏడవబోయే ముందు పిల్లల మొహంలా ఉంది. పాట ఎత్తుకునే ముందు ఒక్క అరుపు అరిచాడు. దాన్ని ఎలా రాయాలో నాకు తెలీదు. రాగం కాదు, కేక అనీ అనలేను. నా పక్కన బీరు పట్టుకున్న కుర్రాడు "ఓ గాడ్" అని గ్లాసు కింద పెట్టేశాడు.

మైకు స్టాండుని ముందుకి తోసి, వైరు పట్టి లాగి, మోకాళ్ల మీద పడ్డాడు. చీపురుకట్ట విద్య అలాగే ఉంది. ఆ తోయడం, ఆ పడటం అంతా జేమ్స్ బ్రౌన్. కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది. కానీ పాట సోదరుడి చావు గురించి. అది జరిగిన పొద్దున లేచి తను విన్నది, చూసినది. ఒంటి మీద ఒకరు, గొంతులో ఇంకొకరు. అన్నేళ్లు కట్టిన వేషం ఒక్కరోజులో ఒంటి మీద నుంచి దిగదు మరి. దిగాలని కూడా నాకనిపించలేదు.

బ్యాండు కుర్రాళ్లు ఆయన్ని చూసే చూపు నాకు బాగా గుర్తుంది. ఆయన ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ ఎక్కువసేపు మాట్లాడతాడో తెలీదు. ట్రంపెట్ అతను పెదాల దగ్గర పెట్టుకుని కాచుకుని ఉన్నాడు. ఒక్కరు కూడా తొందరపెట్టలేదు. వెనక నుంచి "జేమ్స్ బ్రౌన్ పాడవయ్యా" అని ఎవరైనా అంటారేమో అని నేను లోపల్లోపల బిగదీసుకుని ఉన్నాను. ఎవరూ అనలేదు.

ఆఖరున స్టేజి దిగి జనంలోకి వచ్చాడు. ఒక్కొక్కర్నీ కౌగిలించుకుంటున్నాడు. ఊరికే చెయ్యి వేసి పోవడం కాదు, పెళ్లయి వెళ్లే కూతుర్ని పట్టుకున్నట్టు. ఐ లవ్ యూ అంటాడు, ఇంకొకరి దగ్గరికి పోతాడు. నా దగ్గరికీ వచ్చాడు. కోటు మీద మెరుపులు నా బుగ్గకి గుచ్చుకున్నాయి. చెమటతో తడిసి ముద్దయిన మనిషి. నేను ఇంగ్లిషులో ఏదో అనబోయి, నోటికొచ్చింది మాత్రం "బాగా పాడారండీ". ఆయన తల ఊపాడు.

బయటికొచ్చాక ఆవిణ్ణి అడిగాను, ఇన్నేళ్ల తర్వాత తిరిగి రావడం ఎలా ఉంటుందో కదా అని. "తిరిగి రావడమేమిటి? అతను మా వీధిలోనే ఉన్నాడు. మీరే ఇటు రాలేదు" అని గట్టిగా నవ్వింది. సబ్‌వే మెట్ల దగ్గర చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని దిగింది. నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయాయట.

* * *

ఆ తర్వాత ఒక ఆదివారం బుష్‌విక్‌లో ట్రౌట్‌మన్ స్ట్రీట్ వెతుక్కుంటూ పోయాను. డాప్టోన్ స్టూడియో ఏదో అద్దాల మేడ అనుకున్నాను. మామూలు పాత ఇల్లు. లోపల టేపు మీదే రికార్డు చేస్తారట, అదీ ఎనిమిది ట్రాకులు, అంటే విడివిడిగా ఎనిమిది వరసలకే జాగా. కంప్యూటర్ల మధ్య బతికేవాణ్ణి కదా, ఎనిమిది ట్రాకులంటే ఒక్కొక్కరు ఒకసారి సరిగా వాయించి తీరాలి అని లెక్కేసుకుని దండం పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు. ఎదురుగా ఒకతను కారు కడుక్కుంటున్నాడు.

ఆ కంపెనీకి పేరు తెచ్చింది ముందు షారన్ జోన్స్ అనే గాయని. ఆవిడా నలభై దాటాకే వెలుగులోకి వచ్చింది. అంతకుముందు రైకర్స్ ఐలండ్ జైల్లో కాపలా ఉద్యోగం, డబ్బు మోసే వ్యానుకి తుపాకీతో కాపలా. ఎక్కువ చెప్పను, ఆవిడ గురించి వేరే రాయాలి. 2016 నవంబరులో క్యాన్సర్‌తో పోయింది. అప్పటికే బ్రాడ్లీకి కూడా కడుపులో క్యాన్సర్ అని తెలిసింది. మధ్యలో కాస్త కోలుకుని, 2017 మొదట్లో మళ్లీ ఊళ్లు తిరిగి పాడాడు. తర్వాత అది లివర్‌కి పాకింది. అరవై ఎనిమిదేళ్లు. మొదటి ఆల్బమ్ నుంచి లెక్కేస్తే ఆయనకి దొరికింది ఆరేళ్ల చిల్లర, మూడు ఆల్బమ్‌లు. పోయాక 2018లో మిగిలిన పాటలతో ఇంకొకటి వేశారు. దానికి వాళ్లు పెట్టిన పేరు బ్లాక్ వెల్వెట్.

* * *

ఆ కచేరీ చూశాక వచ్చిన సంక్రాంతికి ఇండియా వెళ్లాను. మావయ్య అప్పటికి మిల్లు మానేశాడు. మిల్లే లేదు, అమ్మేశారు. ఆ స్థలంలో కల్యాణ మంటపం లేచింది. దాంట్లో డీజే.

లాప్‌టాప్‌లో బ్రాడ్లీ వీడియో పెట్టి చూపించాను. కళ్లజోడు తుడుచుకుని చూశాడు. మాటలు అర్థం కాలేదు కానీ ఆ అరుపు దగ్గర ముందుకు వంగాడు. "షడ్జం నుంచి ఒక్క దూకు దూకాడురా, చూశావా" అన్నాడు. తర్వాత నేను విగ్గు సంగతి, వేషం సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. వాయిద్యాలకి ఎంతిస్తారు అని అడిగాడు.

"మావయ్యా, ఆ ధాన్యం పాట ఒకసారి పాడవూ" అన్నాను.

"ఏ ధాన్యం పాట?"

చెప్పాను. నవమి ఆఖరి రాత్రి, సైకిళ్ల దగ్గర కేక, అన్నీ. ఆయన నవ్వి, "నీకెలా గుర్తుందిరా అల్లుడూ, నువ్వు నిద్రపోతూ ఉన్నావుగా" అన్నాడు. ఇంకోసారి బతిమాలాను. గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. అది ఘంటసాల గొంతులో వచ్చింది. ఆపాడు. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అదే. "ఆయన లేకుండా నా గొంతు ఎలా ఉండేదో నాకే తెలీట్లేదురా" అన్నాడు, ఎక్కడో పెట్టిన తాళంచెవి గురించి చెప్పినట్టు. అత్తయ్య లోపల నుంచి, వసారాలో చలి, లోపలికి రండి అని కేకేసింది. ఫోన్ చార్జింగ్‌లో ఉంది. రెండు ముక్కలైనా రికార్డు చేయలేదు.

రెండేళ్ల తర్వాత పోయాడు. నాకు సెలవు దొరకలేదు. బావమరిది వీడియో కాల్ పెట్టి ఫోను వరండాలో స్తంభానికి ఆనించాడు. వాకిట్లో స్వర్గపురి బండి ఆగి ఉంది. దాని మైకులోంచి ఘంటసాల గీత వస్తోంది, శ్లోకం, తాత్పర్యం. ఫోను ముందు ఇద్దరు ముసలాళ్లు బల్ల మీద కూర్చున్నారు. ఒకాయన్ని గుర్తుపట్టాను, పందిట్లో మంచం వేసుకునేవాడు. కళ్లు మూసుకుని వింటున్నాడు. కాసేపటికి పక్కాయన మోకాలి మీద తట్టి అన్నాడు.

"విన్నావా? అచ్చం మన మిల్లు గుమాస్తా గొంతేరా."